పరధ్యానం కడిగిన గాజు

ఆమెకు ఆ పేరు తొమ్మిదో ఏట పడింది. లెక్కల టీచరమ్మ పదిహేడో ఎక్కం చెప్పమంటే లేచి నిలబడి, "ఆ మబ్బు ఇప్పుడే కిటికీ దాటిందండీ" అని జవాబు చెప్పిందట. తరగతి గొల్లుమంది. టీచరమ్మ కోప్పడబోయి, తానే నవ్వు ఆపుకోలేక, "కూర్చోవే పరధ్యానం" అంది. అంతే, అసలు పేరు బడి రిజిస్టరులో ఉండిపోయింది. ఇంట్లోనూ వీధిలోనూ, తరవాత ఉద్యోగంలోనూ ఆమె పరధ్యానమే. చెల్లెలు ఒక్కతే అక్కా అని పిలుస్తుంది, అదీ కోపం లేని పూట.

పరధ్యానం చేసే పని గాజు కడగడం. పెద్దాసుపత్రికి ఆనుకుని ఉన్న పరిశోధనశాలలో, మూడో అంతస్తులో, పొడుగాటి గది చివర కిటికీ కింద రెండు సింకులు. ఇరవై రెండేళ్ళుగా అవి ఆమెవే. పొద్దున్న తొమ్మిదింటికల్లా ముందురోజు వాడిన ఫ్లాస్కులు, బీకర్లు, సన్నటి గొట్టాలు ట్రేలలో వచ్చి ఎదురుచూస్తుంటాయి. ముందు వేడినీళ్ళు, సబ్బు, పొడుగు మెడ బ్రష్షు. ఆ పైన కుళాయి నీళ్ళతో ఏడుసార్లు, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు తొలపాలి. చివర్న ఫ్లాస్కును బోర్లించి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటుంది. లోపలి నీరు పల్చటి రేకులా ఒక్కటిగా జారిపోతే గాజు శుభ్రపడ్డట్టు. ఎక్కడైనా తెగి బొట్లు బొట్లుగా నిలిచిందంటే, కంటికి ఆనని మురికి ఇంకా అంటుకునే ఉంది. మళ్ళీ మొదటికి రావాల్సిందే.

చేతులు ఇదంతా చేస్తుంటే మనసు మాత్రం అక్కడ ఉండేది కాదు. నీళ్ళు నిండిన గుండ్రటి ఫ్లాస్కులో కిటికీ తలకిందులుగా కనిపించేది. అందులో వీధి ఆకాశంలో ఉండేది. బస్సులు చక్రాలు పైకి పెట్టుకుని మెల్లగా ఈదుకుంటూ పోయేవి. ఆకుపచ్చ గొడుగు పట్టుకుని తలకిందులుగా నడిచే ఎవరో ఒకావిడ కనబడితే చాలు, పరధ్యానం ఆవిడ వెనకే బయల్దేరేది. ఆవిడ ఇల్లు ఏ మేడ మీద, గుమ్మంలో ఎవరెవరి చెప్పులున్నాయి, లోపల ఎవరు అలిగి కూర్చున్నారు, అన్నీ చూసుకుంటూ వెళ్ళేది. ఫ్లాస్కు ఆరేసరికి ఆ ఇంట్లో అలకలు తీరిపోయేవి కూడా. ఇన్నేళ్ళలో ఆమె చేతిలో పగిలిన గాజు మొత్తం నాలుగంటే నాలుగు. "నిద్రలో నడిచేవాళ్ళు గోడకి గుద్దుకోరంట చూడండి, మా అక్కదీ అదే వరస" అనేది చెల్లెలు.

చెల్లెలు సిటీ బస్సులో కండక్టరు. ఆ గొంతుకు ఇంజను చప్పుడు కూడా సర్దుకుని దారి ఇస్తుంది. పరధ్యానానికి పెళ్ళయింది కానీ మూడేళ్ళే నిలిచింది. ఆయన ఓ రోజు వేరే ఊళ్ళో వేరే బతుకు చూసుకున్నాడు. ఆ సంగతి ఆమెకు పూర్తిగా బోధపడకముందే చెల్లెలు వచ్చి, పెట్టె సర్ది, "పద, నా గదిలో రెండో మంచం ఖాళీగా ఉంది" అని తీసుకొచ్చేసింది. అప్పటినుంచి రెండు గదుల ఆ వాటాలో ఇద్దరే. ఒకరు పాలు పొయ్యిమీద పెట్టి మరిచిపోతారు, ఇంకొకరు కేకలేస్తూ దింపుతారు. ఆ ఇల్లు అలా నడిచేది.

ఆ పొడుగాటి గదిలో తయారయ్యేవాటిల్లో పరధ్యానానికి అన్నిటికన్నా ఇష్టమైనది ఒకటుంది. ఆమె దాన్ని నల్లనీళ్ళు అనేది. ల్యాబుకు పెద్ద అయిన మేడమ్ రెండు రకాల ఇనప లవణాలు, ఒకటి తుప్పురంగుది, ఒకటి లేతాకుపచ్చది, మంచులో పెట్టిన ఫ్లాస్కులో కలిపేది. చక్కెరకు చుట్టమైన ఓ పొడి అందులో ముందే కరిగి ఉండేది. పైనుంచి అమోనియా ఒక్కో చుక్కా పడుతుంటే, ఉన్నట్టుండి ఆ నీళ్ళు నల్లబడిపోయేవి. పగటిపూట ఎవరో దీపం తీసేసినట్టుండేది. పక్కన అయస్కాంతం పెడితే ఆ నలుపు బద్ధకంగా అటువైపు ఒరిగేది.

"ఇందులో ఇనుముందాండీ?" అని ఓసారి అడిగింది పరధ్యానం. "ఇనుమైతే అడుక్కి దిగాలి కదా?"

"దిగనంత చిన్నవి" అంది మేడమ్. "నీ వెంట్రుక మందంలో వేలకొద్దీ పక్కపక్కన పడతాయి. ఒకదానికొకటి అంటుకోకుండా ఒక్కోదానికీ చక్కెర తొడుగు వేస్తాం."

"ఎందుకండీ ఇవి?"

ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న వేసినవాళ్ళు లేరేమో, మేడమ్ స్టూలు లాక్కుని కూర్చుంది. "మనిషిని పెద్ద అయస్కాంతం గొట్టంలో పడుకోబెట్టి లోపలి బొమ్మ తీస్తారు చూడు, దానికి. ఈ రేణువులు ఎక్కడ చేరితే బొమ్మలో అక్కడ నల్లబడుతుంది. మంచి కాలేయం వీటిని మింగేస్తుంది, నల్లగా కనబడుతుంది. జబ్బుపడ్డ చోటుకి మింగడం చేతకాదు. అది తెల్లగా మిగిలిపోతుంది."

"అయితే నలుపే మంచిదన్నమాట" అంది పరధ్యానం. ఆ రోజంతా ఆమె ఒక చీకటి ఇంట్లో తిరిగింది. అక్కడ గదులన్నీ హాయిగా నిద్రపోతున్నాయి. ఒక్క గదిలోనే దీపం ఆరలేదు.

ఇంతలో ల్యాబుకు గాజు కడిగే మెషిను వచ్చింది. తలుపు మూసి మీట నొక్కితే లోపల అదే కడిగి, తొలిపి, ఆరబెడుతుంది. పరధ్యానాన్ని పక్కగదిలో సీసాలకు చీటీలు అంటించే పనికి మార్చారు. ఆమె చీటీల కట్ట అందుకుని వెళ్ళింది. చెల్లెలు మాత్రం ఒంటికాలి మీద లేచింది.

"ఇరవై రెండేళ్ళు చాకిరీ చేయించుకుని గోడకేసి నిలబెడతారా? నేనొచ్చి మాట్లాడతానుండు."

"నువ్వు మాట్లాడితే మూడంతస్తులకీ వినపడుతుందే. ఇప్పుడు చేతులు పగలడం లేదు, బాగానే ఉంది."

కానీ బాగా లేదు. చీటీ మీద అక్షరాలు చూసి రాయాలి. మనసు కాస్త పక్కకు పోయిందా, ఒక సీసా పేరు ఇంకో సీసాకు ఎక్కేది. గాజు కడిగేటప్పుడు ఎంత దూరం వెళ్ళినా ఎవరికీ తెలియదు. ఇక్కడ రెండడుగులు వేస్తే చాలు, పట్టుబడిపోతుంది.

మెషిను వచ్చిన నెలకు నల్లనీళ్ళు పాడవడం మొదలైంది. రాత్రికి నున్నగా ఉన్నవి తెల్లారేసరికి అడుగున నల్లటి రవ్వ కట్టేవి. రేణువులు గుంపులు కట్టాయంటే ఇక మనిషి రక్తంలోకి ఎక్కించడానికి పనికిరావు. మేడమ్ లవణాలు మార్చింది, అమోనియా మార్చింది, చక్కెర పొడి కొత్త డబ్బా తెప్పించింది. నాలుగు నెలలు గడిచాయి. ఆవిడ కళ్ళకింద వలయాలొచ్చాయి. ల్యాబులో అందరూ గుసగుసగా మాట్లాడుకోసాగారు.

ఓ మధ్యాహ్నం పరధ్యానం చీటీల కట్ట పట్టుకుని ఆ గదిలోంచి నడుస్తోంది. అప్పుడే మెషిను తలుపు తీశారు. తడి ఇంకా ఆరని ఒక ఫ్లాస్కు మీద ఎండ పడుతోంది. లోపలి నీరు బొట్లు బొట్లుగా నిలబడి ఉంది. ఆమె అక్కడే ఆగిపోయింది. చీటీలు చేతిలోంచి జారి నేలంతా పరుచుకున్నాయి.

నోరు తెరిచి చెప్పొచ్చు. కానీ ఎవరితో, ఏమని? చీటీలు కూడా సరిగా అంటించలేని మనిషి మాట ఎవరి చెవికెక్కుతుంది? ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ ఫ్లాస్కును తన పాత సింకు దగ్గరికి తీసుకెళ్ళి కడిగింది. ఏడూ, మూడూ. వెలుతురుకు ఎత్తి చూసి, ఎక్కడిదక్కడ పెట్టేసింది.

మర్నాడు అందులో చేసిన నల్లనీళ్ళు చెడలేదు. రెండోరోజూ చెడలేదు. మేడమ్ ఆనందం పట్టలేక, ఈసారి తెప్పించిన చక్కెర పొడిదే ఆ ఘనత అని అందరికీ చెబుతుంటే, పరధ్యానం గుమ్మంలో నిలబడి నేల చూపులు చూస్తూ, "అది పొడి వల్ల కాదేమోనండి. ఆ ఫ్లాస్కు నేను కడిగాను" అంది.

మేడమ్ మొహం ఎర్రబడింది. "ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? ఏది ఎందుకు మారిందో తెలియకపోతే నేను చేసిందంతా బూడిదలో పోసినట్టే కదా!"

"తప్పయిందండి. కానీ నీళ్ళు బొట్లు కట్టాయండి."

"ఏం బొట్లు?"

పరధ్యానం మెషిను లోంచి ఒక ఫ్లాస్కు, తాను కడిగింది ఒకటి తడిపి, రెండూ కిటికీకి ఎత్తి చూపించింది. మేడమ్ రెండింటినీ మార్చి మార్చి చూసింది. తరవాత ఆరు ఫ్లాస్కులు తెప్పించింది. మూడు మెషిను కడగాలి, మూడు పరధ్యానం కడగాలి. ఏది ఎవరిదో అడుగున చిన్న గుర్తు పెట్టాలి. నల్లనీళ్ళు చేసే మనిషికి ఆ సంగతి తెలియకూడదు. వారం తిరిగేసరికి మూడింట్లో రవ్వ కట్టింది, మూడింట్లో కట్టలేదు. బోర్లించి గుర్తులు చూస్తే వేరే చెప్పక్కర్లేదు.

మెషిను వెనక్కి లాగి చూశారు. చివరి తొలుపుకు డిస్టిల్డ్ వాటర్ రావాల్సిన గొట్టాన్ని, బిగించినవాళ్ళు మామూలు కుళాయికి తగిలించి పోయారు. కుళాయి నీళ్ళ ఉప్పు, పూర్తిగా పోని సబ్బు పొడి కలిసి రేణువుల తొడుగుల్ని లాగేస్తున్నాయి. గొట్టం మార్చగానే మెషిను కూడా బుద్ధిగా కడగడం మొదలుపెట్టింది. అయినా మేడమ్ నల్లనీళ్ళ గాజు వరకు పరధ్యానానికే అప్పగించింది. "మెషినుకు అనుమానం రాదు. నీకొస్తుంది" అంది.

పరధ్యానం మళ్ళీ కిటికీ కిందికి చేరింది. ఆ వారం చీటీల గదిలో ఒక్క పొరపాటూ జరగలేదని అందరూ సంతోషించారు.

మూడేళ్ళ తరవాత చెల్లెలికి జబ్బు చేసింది. జబ్బని ఆమెకీ తెలియదు. కండక్టర్లకు ఏడాదికోసారి చేసే పరీక్షల్లో కాలేయం మీద ఒక మచ్చ కనబడింది. డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి నింపాదిగా చెప్పాడు. "కోసి తీసేయొచ్చు. కానీ ఒకటే ఉందా, ఇంకా ఉన్నాయా, ఎక్కడెక్కడున్నాయో ముందు తెలియాలి. ఇనుముతో చేసిన మందు ఒకటి ఎక్కించి ఎమ్మారై తీద్దాం."

"ఇనుమా?" అంది చెల్లెలు. "ఇరవై ఏళ్ళుగా బస్సు తుప్పంతా నా ఒంట్లోకే పోయింది డాక్టర్ గారూ. ఇంకా చాల్లేదా?"

పరధ్యానం చెవిలో మాత్రం ఆ ఒక్క మాట మోగుతూనే ఉంది. ఇనుముతో చేసిన మందు.

స్కానింగు రోజు చెల్లెలు ఆసుపత్రి గౌను వేసుకుని బల్ల మీద కాళ్ళు ఊపుతూ కూర్చుంది. ఒంటిమీద లోహమేదీ ఉండకూడదన్నారు. పిన్నులు, గాజులు, మెడలో తాడుకున్న కండక్టరు విజిలు, అన్నీ అక్క దోసిట్లో పోసింది. స్కానింగు గదిలో పనిచేసే ఆయన, నెరిసిన మీసం, మెత్తటి గొంతు, చిన్న సీసా ఒకటి తెచ్చి ట్రేలో పెట్టాడు. గోరంత వెలుతురు కూడా దూరని నలుపు.

"అక్కా, ఇది నువ్వు కడిగిన గిన్నెల్లో వండిందేనా?" అంది చెల్లెలు.

"కాదే. ఇది వేరే ఎక్కడో మందుల కంపెనీలో చేశారు." సీసావైపే చూస్తూ, "అక్కడ గాజు ఎవరు కడిగారో" అంది పరధ్యానం తనలో తాను అనుకుంటున్నట్టు. తరవాత ఆయనవైపు తిరిగింది. "అయ్యా, అది ఒక్కసారి చేతికిస్తారా? మూత తియ్యను."

ఆయన వింతగా చూశాడు. కానీ ఆ చేతులు ముందుకొచ్చిన తీరు చూసి, ఏమనుకున్నాడో ఏమో, ఇచ్చాడు. పరధ్యానం సీసాను దీపం కిందికి తీసుకెళ్ళి మెల్లగా వంచింది. నలుపు గాజు మీద పల్చటి రేకులా జారింది. చివర్న గోధుమరంగు తిరిగి, మచ్చ లేకుండా పోయింది. బోర్లించి అడుగు చూసింది. రవ్వ లేదు. ఇంకోసారి వంచింది.

"బాగా కడిగారు" అంది. "ఎవరో గానీ, చాలా బాగా కడిగారు."

ఆ మందును ఇంకో సీసాలో పల్చన చేసి, జల్లెడున్న గొట్టం గుండా అరగంటపాటు ఎక్కించారు. చెల్లెలు తన చేతిలోకి దిగుతున్న పల్చటి టీ రంగును చూస్తూ పడుకుంది. జీవితంలో అంతసేపు ఆమె నోరు మూతపడి ఉండటం అదే మొదలు. తరవాత ఇంకాసేపు ఆగి లోపలికి తీసుకెళ్ళారు. మీసాలాయన పరధ్యానం జేబులూ జడా అన్నీ వెతికి, చెవుల్లో దూది బిళ్ళలు పెట్టి, పక్కన చెక్కబల్ల మీద కూర్చోనిచ్చాడు. చెల్లెలి తల గొట్టంలోకి వెళ్ళిపోయింది. పాదాలు మాత్రం బయట ఉన్నాయి. పరధ్యానం ఆ కాలి బొటనవేలు పట్టుకుంది.

చప్పుడు మొదలైంది. ఎవరో తలుపు బాదుతున్నట్టు, ఆగి, ఇంకో తలుపు. ఆ చప్పుళ్ళలో ఆమె మనసు ఎప్పటిలాగే లేచి బయల్దేరింది. ఈసారి మాత్రం ఎటు వెళ్ళాలో తెలుసు. వేలు పట్టుకునే, చెల్లెలి లోపలికి నడిచింది. అక్కడ సాయంకాలం. ఎర్రటి సన్నటి వీధులు, మలుపులు. చక్కెర చొక్కాలు తొడుక్కున్న నల్లటి చిన్నవాళ్ళు, లెక్కలేనంతమంది, గుంపులు కట్టకుండా, ఒకర్నొకరు తోసుకోకుండా వరసగా నడిచిపోతున్నారు. వాళ్ళు ఒక్కో ఇంట్లోకి వెళ్తుంటే ఆ ఇంట్లో దీపం ఆరుతోంది. వీధి చివర ఒక స్త్రీ సింకు దగ్గర వీపు తిప్పి నిలబడి ఉంది. ఆవిడ మొహం కనపడటం లేదు. ముంజేతుల దాకా నురగ. పరధ్యానం ఆవిడ పక్కన నిలబడి, అడక్కుండానే బ్రష్షు అందుకుంది. పక్కింట్లో, ఆ పక్కింట్లో దీపాలు ఆరుతున్నాయి. ఇక అన్నీ ఆరిపోతే బాగుండు అనుకుంటూ ఆమె తొలుపుతూనే ఉంది.

"ఊపిరి బిగపట్టండి" అన్న మెత్తటి గొంతు ఎక్కడో పైనుంచి వినిపించింది. పరధ్యానం కూడా బిగపట్టింది. "వదలండి" అన్నా ఆమె వదల్లేదు. చెల్లెలు కాలు ఝాడించాక గానీ తెలియలేదు.

మర్నాడు డాక్టరు బొమ్మ చూపించాడు. కాలేయం నల్లగా, నిండుగా, నిద్రపోతున్న ఊరిలా ఉంది. ఒక మూల గోరంత తెలుపు. అది ముందే తెలిసిన మచ్చ. ఆయన వేలు పక్కకు జరిగింది. అంచు దగ్గర ఇంకొకటి, ఆవగింజంత.

"దీన్ని ఇంతకుముందు ఏ పరీక్షా పట్టుకోలేదు. తెలియకుండా ఒక్కటే తీసి కుట్టేసుంటే ఏడాదిలో మళ్ళీ వచ్చేవారు."

"రెండా?" అంది పరధ్యానం.

"రెండే" అన్నాడు డాక్టరు. "మిగతాదంతా నల్లగా ఉంది చూడండి."

చెల్లెలు బొమ్మలోకి తొంగిచూసింది. "నా లోపల ఇంత కరెంటు కోతుందని నాకు తెలీదు" అంది. డాక్టరు నవ్వాడు. అక్క మాత్రం ఆ నలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచింది.

ఆపరేషను నాలుగున్నర గంటలు పట్టింది. రెండు మచ్చలూ బయటికొచ్చాయి. రెండూ మంచివి కావని తేలింది. కోసిన చోట అంచులు శుభ్రంగా ఉన్నాయని, కానీ మూడు నెలలకోసారి చూపించుకోవాలని చెప్పారు. చెల్లెలు ఇంటికొచ్చి, మంచం మీదనుంచే పాలు పొంగకుండా కేకలతో కాపలా కాసింది. నాలుగో నెల బస్సెక్కింది. మొదటిరోజు గొంతు సగమే పలికిందిట. ప్రయాణికులు ఒకరికొకరు చెప్పుకుని వాళ్ళే జరిగి నిలబడ్డారుట.

ఆ రోజు సీసాతో పాటు వచ్చిన మడత కాగితాన్ని పరధ్యానం పారేయలేదు. అందులో కంపెనీ చిరునామా ఉంది. ఓ ఆదివారం కూర్చుని కార్డు రాసింది. "మీ దగ్గర గాజు కడిగేవారికి. మీ మందు మా చెల్లెలికి ఎక్కించారు. సీసా వంచి చూశాను. రవ్వ లేదు. నేను కూడా గాజు కడుగుతాను." రాసి, పోస్టు చెయ్యడం మరిచిపోయి, పదిరోజులు సంచిలో మోసింది. చెల్లెలు చిల్లర కోసం వెతుకుతూ చూసి, తిట్టి, తనే పోస్టు డబ్బాలో వేసింది.

రెండు నెలల తరవాత జవాబొచ్చింది. ఆఫీసు కాగితం మీద టైపు చేసిన నాలుగు మర్యాద మాటలు. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" వగైరా. కిందనున్న ఖాళీలో మాత్రం పెన్నుతో, కొంచెం వంకరగా, ఎవరో రాశారు. "ఇక్కడ కడిగేది మెషినండి. దాన్ని చూసుకునేది నేను. రాత్రి డ్యూటీలో ఎవరూ లేనప్పుడు ఒక్కో సీసా వెలుతురుకు పెట్టి చూస్తాను, ఎవరూ చెప్పకపోయినా. మీ ఉత్తరం పెద్దసారు అందరికీ చదివి వినిపించారు. మీ చెల్లెలు ఎలా ఉన్నారు?"

పరధ్యానం దాన్ని మూడుసార్లు చదివింది. చెల్లెలు డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విడుస్తుంటే ఆ కాగితం చేతికిచ్చింది.

"ఆడా, మగా?" అంది చెల్లెలు చదివి.

"రాయలేదు."

"సరే, జవాబు రాయి మరి. నేనెలా ఉన్నానో అడిగారు కదా."

"ఏమని రాయను?"

చెల్లెలు కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చుంది. అలిసిపోయి ఉంది, పక్కటెముకల కింద కుట్లు లాగుతున్నాయి. ఐనా బల్లమీదున్న ఖాళీ కార్డు ఒకటి తన వైపుకు జరుపుకుంది. "ముందు నువ్వు ఒక వాక్యం రాయి. తరవాత నేనొకటి రాస్తా. నువ్వు కిటికీలోకి చూస్తూ కూర్చుంటే మాత్రం మొత్తం నేనే రాసేస్తా."

పరధ్యానం పెన్ను మూత తీసింది.